ఒక్క గిన్నె, మూడు షిఫ్టులు

గూలాష్ అనే పేరు వింటే ఏదో స్టార్ హోటల్ వంటకం అనిపిస్తుంది. మూత తీసి చూస్తే కైమా, ఉల్లిపాయ, ఎర్ర కారం, మకరోనీ... అంతే! పశువుల కాపరుల నెగడు మీద పుట్టి, సముద్రాలు దాటి, ఫ్యాక్టరీ క్యాంటీన్లలో ఉడికిన ఈ ఒంటిగిన్నె వంట మన విశాఖ రేవుపట్నానికి, ఉక్కు నగరానికి ఎలా చుట్టమవుతుందో చెప్పేదే ఈ ఆదివారం ముఖచిత్ర కథనం.

రాత్రి పదిన్నర. కూర్మన్నపాలెం కూడలిలో ఒక్కసారిగా మోటారు సైకిళ్ల రద్దీ. ఉక్కు ప్లాంటులో బీ షిఫ్టు దిగింది. కొలిమి వేడిలో ఎనిమిది గంటలు పనిచేసి ఇల్లు చేరిన మనిషికి ఆకలి ఆగదు. వంటింట్లోకి వెళ్తే పిల్లలు ఎనిమిదింటికి తిన్న అన్నం గట్టిపడి ఉంటుంది. కూర వెచ్చబెట్టాలి, చారు వెచ్చబెట్టాలి. తెల్లవారుజామున 'ఏ' షిఫ్టుకు వెళ్లాల్సిన పక్కింటాయన అప్పటికే గాఢనిద్రలో ఉంటాడు. ఎదురింటి సీ షిఫ్టు మనిషి క్యారేజీ పట్టుకుని వెళ్లి అరగంట దాటింది.

ప్లాంటు కుటుంబాల్లో గోడ మీది క్యాలెండరు కన్నా షిఫ్టు చార్టుకే విలువెక్కువ. 'నాన్నది ఇవాళ ఏ షిఫ్టు?' అని అడిగాకే పిల్లలు టీవీ సౌండు పెంచుతారు. పోర్టులో, షిప్‌యార్డులో, రైల్వేలో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లలోనూ ఇదే తంతు. ఇంటిల్లిపాదీ ఒకేసారి పళ్లెం ముందు కూర్చునేది పండక్కో, వీక్లీ ఆఫ్‌లు కలిసొచ్చిన రోజుకో.

అలాంటి ఇళ్లకు కావలసిన వంట ఏమిటి? ఒక్క గిన్నెలో అయిపోవాలి. అన్నం, కూర వేర్వేరుగా అడగకూడదు. మూడు గంటల తర్వాత వెచ్చబెట్టినా రుచి తగ్గకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వంట అంతగా రానివాళ్ల చేతిలో కూడా పాడవకూడదు. ఈ నాలుగూ ఉన్న వంటే గూలాష్.

కాపరి కుండలోంచి...

హంగేరీ భాషలో 'గుయా' అంటే పశువుల మంద. 'గుయాష్' అంటే ఆ మందను కాసేవాడు. కాపరులు వండుకునే మాంసం కాలక్రమంలో కాపరి పేరుతోనే చలామణి అయింది. ఇంగ్లిషువాళ్ల నోట్లో పడి 'గూలాష్' అయింది. ఆ దేశపు మైదానాల్లో మంద వెంట తిరిగే మగవాళ్లు, ముక్కాలి కొయ్యకు ఇనుప కుండను వేలాడదీసి, కింద మంట పెట్టి వండుకునేవారు. ఆ కుండ పేరు 'బోగ్రాచ్'. అందులో కొవ్వు, ఉల్లిపాయలు, మాంసం, నీళ్లు. కొన్నిచోట్ల గోధుమపిండి ముద్దను చిటికెలతో గిల్లి ఆ పులుసులోనే వేస్తారు. అదే వాళ్ల నూడుల్స్. మంద వెంట నడిచే మనిషి రెండో గిన్నె మోయలేడు కనుక అన్నీ ఒకదాంట్లోనే ఉడికాయి.

అట్లాంటిక్ దాటి అమెరికా చేరాక ఇదే పేరుతో వేరే వంట తయారైంది. మాంసం ముక్కల బదులు కైమా, గిల్లిన పిండి బదులు వంకీ తిరిగిన మకరోనీ, పులుసు బదులు టమాటా. బడి క్యాంటీన్లలో, చర్చి విందుల్లో, పనిరోజు రాత్రుల్లో ఇళ్లల్లో చవగ్గా కడుపు నింపే వంట అది. హంగేరీవాళ్లకు చూపిస్తే 'ఇది మాది కాదు' అనేస్తారు. మన బండి మీది గోబీ మంచూరియా చూసి చైనావాళ్లు అనే మాట లాంటిదే ఇది కూడా. కుటుంబమంతటికీ తేలికగా అయ్యే ఆ రెండో రకాన్నే మనం ఇక్కడ వండుకోబోతున్నాం.

ఓడెక్కి వచ్చిన కారం

గూలాష్‌కు ప్రాణం ఎర్ర కారం. హంగేరీవాళ్లు దాన్ని పాప్రికా అంటారు. తమాషా ఏమిటంటే మిరపకాయ వాళ్లదీ కాదు, మనదీ కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. అక్కడినుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది. ఇంచుమించు ఆ కాలంలోనే తుర్కుల ద్వారా హంగేరీ చేరింది. అంతకుముందు మన వంటింట్లో ఘాటంటే మిరియాలే. టమాటా కూడా అదే దారిన వచ్చిన చుట్టం. గుంటూరు మిర్చి లేని తెలుగు వంటను, పాప్రికా లేని హంగేరీ వంటను ఇవాళ ఊహించలేం. సెగెడ్ అనే హంగేరీ పట్నంలో పనిచేసిన ఆల్బర్ట్ సెంట్ జార్జి అనే శాస్త్రవేత్త పాప్రికా నుంచే విటమిన్-సిని పెద్దమొత్తంలో వేరుచేశారు. ఆయనకు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాబట్టి 'ఇదేదో పరాయి వంట' అని ముక్కు విరిచే ముందు మన పోపులపెట్టెలోని ఎండుమిర్చీ పడవ దిగి వచ్చిందేనని గుర్తు పెట్టుకోవాలి. మరీ ముఖ్యంగా విశాఖవాసులు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ లోపలికి రావడంతో మన ఆధునిక రేవు కథ మొదలైంది. ఆ కాలపు భారతీయ ఓడ సిబ్బంది తమ వంటవాణ్ని 'భండారీ' అని పిలిచేవారు. ఊగే ఓడలో నాలుగు గిన్నెలు పొయ్యెక్కించడం కన్నా ఒక పెద్ద గిన్నెను కాపాడుకోవడమే తేలిక.

తీరాన జలాంతర్గామి, పళ్లెంలో మకరోనీ

ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలిపిన ఐఎన్‌ఎస్ కుర్సురాను చూడని విశాఖ పిల్లలు ఉండరు. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001లో విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో డెబ్బై మందికి పైగా మనుషులు బతికేవారంటే లోపలికి వెళ్లి చూసేదాకా నమ్మబుద్ధి కాదు. ఒకరు పక్కకు తప్పుకుంటేగాని ఇంకొకరు నడవలేని ఇరుకు. వంటగది అయితే మన అపార్టుమెంటు బాల్కనీ కన్నా చిన్నది.

ఇలాంటి నౌకలను కట్టిన దేశంలో నావికుల పేరుమీదే ఒక వంట ఉంది. రష్యన్‌లో దాన్ని 'మకరోనీ పొ ఫ్లోత్‌స్కీ' అంటారు. నౌకాదళం తరహా మకరోనీ అని అర్థం. ఉడికించిన మకరోనీలో ఉల్లిపాయతో వేయించిన కైమా కలపడమే. మసాలా లేదు, టమాటా కూడా లేదు. నావికులు మొదలుకొని బడిపిల్లల వరకు సోవియట్ కాలంలో అందరూ తిన్న తిండి అది. గూలాష్ కూడా అక్కడి ఫ్యాక్టరీ క్యాంటీన్లలో రోజువారీ వంటే. మాంసం పులుసును మకరోనీ మీదో, ఆలుగడ్డ ముద్ద మీదో పోసి ఇచ్చేవారు.

ఆ క్యాంటీన్లలో తిన్నవాళ్ల దేశానికీ మన ఉక్కుకూ సంబంధం ఉంది. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ ఉద్యమం లేచింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పునాదిరాయి ఒక్కటే మిగిలింది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక పనులకు ఊపు వచ్చింది. అక్కడి నిపుణులు ఇక్కడికి వచ్చి పనిచేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పీవీ నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేశారు. ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఇనుము కరిగే కొలిమికి అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకున్న ఊరు మనది. ఆ కొలిమి వల్లే వేల ఇళ్లలో పొయ్యి వెలుగుతోందని ఆ పేరు పెట్టినవాళ్లకు బాగా తెలుసు.

బర్మా క్యాంపు సాక్షి

'మాంసం, నూడుల్స్ కలిపి తినడం మనకు అలవాటు లేదుకదా' అనేవాళ్లను ఒక సాయంత్రం కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపుకు తీసుకెళ్లాలి. 1962లో బర్మాలో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. వ్యాపారాలను జాతీయం చేయడంతో అక్కడ తరతరాలుగా ఉన్న భారతీయులు లక్షల్లో తిరిగొచ్చేశారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. అలా వచ్చినవాళ్లకు ఇచ్చిన చోటే బర్మా క్యాంపు. ఆస్తులు అక్కడే వదిలేసి వచ్చినా, నాలుక మీది రుచి మాత్రం వెంట తెచ్చుకున్నారు. అలా విశాఖకు 'ఖౌసే' అనే వంట వచ్చింది. ఆ మాటకు బర్మా భాషలో అర్థం నూడుల్సే.

ఆ తర్వాత ఎప్పటికో 1980లలో రెండు నిమిషాల ప్యాకెట్ నూడుల్స్ వచ్చాయి. ఆపైన వీధి చివర ఫాస్ట్‌ఫుడ్ బండ్లు వచ్చాయి. మంట ఎగజిమ్మే బాండీ, టకటకలాడే గరిటె, వెనకాల చెమట తుడుచుకునే మాస్టరు. సేమియా ఉప్మా సంగతి సరేసరి, అది నూడుల్స్ అని మనకు స్పృహే ఉండదు. ఇన్ని రకాలు తినే ఊరికి మకరోనీ కొత్త కాదు. కైమా అంతకన్నా కాదు. రెండింటినీ ఒకే గిన్నెలో కలపడమే మిగిలింది.

పెద్ద మాంసం మాట

అసలు గూలాష్ గొడ్డు మాంసంతో చేసేది. ఈ మాట దగ్గర మన పత్రికలు సాధారణంగా గొంతు తగ్గిస్తాయి. తగ్గించాల్సిన పనిలేదు. మన ఊళ్లో దళితుల, ముస్లింల, క్రైస్తవుల ఇళ్లు ఎన్నిటిలోనో పెద్ద మాంసం ఆదివారపు కూర. మేకపోతు మాంసం కొనలేని ఇంటికి కండ పట్టే తిండి అదే. తినని ఇళ్లు, తినే ఇళ్లు ఒకే వీధిలో పక్కపక్కనే ఉంటాయి. ఎవరి గిన్నె వారిది.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలిసుండాలి. 1977 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఆవును వధించడం నేరం. ఆవుదూడ, గేదెదూడలకూ అదే వర్తిస్తుంది. ఎద్దులు, దున్నలు, గేదెలు పాడికీ, సేద్యానికీ, సంతతికీ పనికిరావని అధికారి ధ్రువీకరిస్తేనే వధకు అనుమతి. కాబట్టి మన దగ్గర పెద్ద మాంసం అంటే ఎక్కువగా గేదె, దున్న మాంసమే. అందులో కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ. అందుకే నూనె కాస్త ఎక్కువ పోయాలి, ఇంకాస్త సేపు ఉడకనివ్వాలి. పెద్ద మాంసం తినని వాళ్లు మేక కైమాతోనో, కోడి కైమాతోనో చేసుకోవచ్చు. మాంసమే ముట్టని ఇంట్లో మీల్ మేకర్ రవ్వ ఉండనే ఉంది. గిన్నె, పద్ధతి మారవు.

కైమా కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ముందే తిప్పి ఉంచిన ముద్ద తీసుకోవద్దు.

"భాయ్, ఈ ముక్కనే నా ఎదురుగా తిప్పండి."

"ఒకసారి చాలా, రెండుసార్లు తిప్పాలా అండీ?"

"ఒక్కసారే. మరీ మెత్తనైతే ముద్ద కట్టేస్తుంది."

మాంసం ముక్కకు సూక్ష్మజీవులు పైపైనే ఉంటాయి. యంత్రంలో తిప్పితే అవి ముద్దంతా కలిసిపోతాయి. అందుకే ముక్కను ముందే కడిగి నీళ్లు తుడిచి ఇవ్వాలి, తిప్పాక ఆ పూటే వండాలి. మధ్యలో ఎక్కడా ఎరుపు మిగలకుండా, 71 డిగ్రీల సెల్సియస్ (కోడి కైమా అయితే 74) వేడి తగిలేలా ఉడకాలి. మన పద్ధతిలో పొగలు కక్కుతూ ఉడికితే ఆ లెక్క దాటిపోయినట్టే.

ఇదీ వంట

ఐదుగురికి కావలసినవి: కైమా అర కిలో, మకరోనీ పావు కిలో, పెద్ద ఉల్లిపాయలు మూడు, పండిన టమాటాలు నాలుగు, క్యాప్సికం ఒకటి, వెల్లుల్లి రెబ్బలు ఎనిమిది, నూనె నాలుగు పెద్ద చెంచాలు, కశ్మీరీ లేదా బ్యాడిగి మిర్చి కారం రెండు చిన్న చెంచాలు, గుంటూరు కారం అర చెంచా, షాజీరా అర చెంచా, బిర్యానీ ఆకు ఒకటి, మిరియాల పొడి పావు చెంచా, ఉప్పు తగినంత, వేడినీళ్లు ముప్పావు లీటరు.

మొదటి అడుగు: అడుగు మందంగా ఉన్న గిన్నెలో సగం నూనె వేడిచేసి కైమా వేయండి. గరిటెతో చిదుపుతూ పెద్ద మంట మీద వేయించండి. మొదట నీరు ఊరుతుంది. ఆ నీరంతా ఇగిరి, కైమా గింజ గింజగా విడిపోయి, అడుగున గోధుమరంగు పట్టేదాకా ఆగండి. రుచంతా ఆ రంగులోనే ఉంది.

రెండో అడుగు: కైమాను పక్కకు జరిపి మిగతా నూనె పోసి, షాజీరా, బిర్యానీ ఆకు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, చిటికెడు ఉప్పు వేయండి. మంట తగ్గించి పది నిమిషాలు మగ్గనివ్వండి. చిక్కదనం ఉల్లి నుంచే రావాలి, కాబట్టి పిసినారితనం వద్దు. తర్వాత దంచిన వెల్లుల్లి వేయండి.

మూడో అడుగు: ఇప్పుడు స్టవ్ ఆపేయండి. అవును, ఆపేయండి. కారం రెండూ వేసి కలపండి. కాగిన నూనెలో మంట మీదే కారం వేస్తే క్షణంలో మాడి చేదెక్కుతుంది. హంగేరీ వంటవాళ్లు కూడా కుండను మంట మీంచి దించే పాప్రికా చల్లుతారు. రంగు ఎక్కగానే తరిగిన టమాటాలు వేసి మళ్లీ వెలిగించండి.

నాలుగో అడుగు: టమాటా కరిగాక ఒక గ్లాసు వేడినీళ్లు పోసి మూత పెట్టండి. పెద్ద మాంసమైతే 25 నిమిషాలు, మేక కైమా అయితే 20, కోడి అయితే పది నిమిషాలు. డ్యూటీకి టైమైపోతుంటే కుక్కరులో మూడు కూతలు రానివ్వండి.

ఐదో అడుగు: క్యాప్సికం ముక్కలు, మిగిలిన నీళ్లు, ఉప్పు వేసి, నీళ్లు మరిగాక మకరోనీ వేయండి. మధ్యలో రెండుమూడుసార్లు అడుగంటకుండా కలపండి. పది పన్నెండు నిమిషాల్లో ఉడుకుతుంది. పంటికి కాస్త బిరుసు తగులుతుండగానే ఆపేసి, మిరియాల పొడి చల్లి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. గిన్నెలో కాస్త జారుగా కనిపించాలి, పళ్లెంలోకి వచ్చేసరికి చిక్కబడుతుంది.

గరం మసాలా, ధనియాల పొడి వేయాలని చెయ్యి లాగుతుంది. వేస్తే మంచి కైమా కూరే అవుతుంది, గూలాష్ కాదు. ఈ ఒక్కసారికి ఉల్లి, కారం, టమాటాలను నమ్మండి. పిల్లలుంటే గుంటూరు కారం మానేసి, పెద్దల పళ్లెంలో పచ్చిమిర్చి ముక్కలు చల్లుకోండి. మీల్ మేకర్‌తో చేసేవాళ్లు రవ్వను వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఉల్లిపాయలు మగ్గాక వేసుకోవాలి.

ఎక్కడ చెడుతుంది?

ఎక్కువమందికి చెడేది మకరోనీ దగ్గరే. డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసిన మకరోనీ కొంటే విడివిడిగా నిలుస్తుంది. మైదాతో చేసింది ముద్దవుతుంది. ప్యాకెట్ వెనక చూసి కొనండి. మకరోనీ బదులు రెండు నిమిషాల నూడుల్స్ వేయాలనుకుంటే దాన్ని ముందే నూనెలో వేయించి ఆరబెడతారని గుర్తుంచుకుని, చివరి మూడు నిమిషాల్లోనే వేయండి. నీళ్లు సగానికి తగ్గించండి. హక్కా నూడుల్స్ అయితే విడిగా ఉడకబెట్టి, వార్చి కలపాలి.

రెండో ఇబ్బంది వెచ్చబెట్టడంలో. ఉడికిన మకరోనీ పక్కన పెట్టినకొద్దీ పులుసును తాగేస్తుంది. బీ షిఫ్టు మనిషి వచ్చేసరికి గిన్నెలో గట్టి ముద్ద మిగులుతుంది. దీనికి ప్లాంటు ఇళ్లకు సరిపడే ఉపాయం ఒకటుంది. కైమా పులుసును నాలుగో అడుగు దాకా వండి ఉంచండి. మకరోనీని ఏ పూటకు ఆ పూట గుప్పెడు చొప్పున వేసుకుని ఉడికించుకోండి. పులుసు చల్లారగానే, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది. ఒకసారి వండిన పులుసు మూడు షిఫ్టులకూ వేడివేడిగా అందుతుంది.

గరిటె ఎవరి చేతిలో?

ఇప్పటిదాకా చెప్పుకున్న కథలో ఒక విషయం గమనించారా? నెగడు మీద కుండ పెట్టిన కాపరి మగవాడు. ఓడలో భండారీ మగవాడు. కుర్సురా లాంటి జలాంతర్గామిలో డెబ్బై మందికి వండినవాడూ మగవాడే. సాయంత్రం బండి మీద నూడుల్స్ ఎగరేసే మాస్టర్లు కూడా చాలావరకు మగవాళ్లే. ఇల్లు వదిలితే చాలు, మగవాడికి వంట దానంతటదే వచ్చేస్తుంది. గుమ్మం దాటి లోపలికి రాగానే మరిచిపోతాడు!

మన ఇళ్లలో ఇప్పుడు డ్యూటీలు ఇద్దరివి. ఆమె ఆసుపత్రిలో నైట్ చేసి ఉదయం ఇంటికొస్తుంది. ఆయన జనరల్ షిఫ్టు ముగించి సాయంత్రం వస్తాడు. అయినా 'ఇవాళేం వండాలి' అనే ఆలోచన మాత్రం ఒక్కరి తలలోనే తిరుగుతుంటుంది. నా లెక్కలో గూలాష్ గొప్పదనం రుచిలో కన్నా ఇక్కడే ఉంది. పప్పులో తాలింపు ఎప్పుడు వేయాలో, పులుసులో చింతపండు ఎంత పిండాలో తెలియని చేతికి కూడా ఇది లొంగుతుంది. గంట పైచిలుకు ఓపిక, కారం వేసేటప్పుడు స్టవ్ ఆపాలన్న జ్ఞాపకం ఉంటే చాలు. మగవాళ్లు పుట్టించిన వంటను మగవాళ్లు వండలేమనడం కుదరదు.

కాబట్టి ఈ ఆదివారం ఒక నియమం పెట్టుకుందాం. ఇంట్లో వీక్లీ ఆఫ్ ఎవరిదైతే వాళ్లే గిన్నె పొయ్యెక్కించాలి. ఇద్దరిదీ అయితే, ఇన్నాళ్లూ వండనివాళ్లే వండాలి. ఉల్లిపాయలు పిల్లలతో ఒలిపించండి. గిన్నె కడగడం కూడా వంటలో భాగమేనని మరవకండి, ఉన్నది ఒక్కటే గిన్నె. ఇక బీ షిఫ్టు నుంచి రావాల్సినవాళ్లు ఉంటే, రెండు గరిటెల పులుసు తీసి పక్కన పెట్టండి. వాళ్లు చెప్పులు విప్పేలోపు గుప్పెడు మకరోనీ ఉడికించి పెట్టండి.